ముందు ఆ స్క్రూ వెనక్కి తిప్పు

నా చిన్నప్పుడు మా నాయన బాడుగకు తిప్పే కారు రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ బాగానే ఉండేది. నిలబెడితేనే దాని రోగం బయటపడేది. చలిజ్వరం వచ్చినట్టు వణికి, దగ్గి, ఠక్కున ఆగిపోయేది. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. కంభంలో మా వీధి మొత్తానికి అదొక్కటే కారు. అదీ ఎవరో వాడి వదిలేసిన పాతది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దాని సంపాదన మీదే.

రైలు గేటు దగ్గర ఆగిపోయిందంటే నాయన దిగి హ్యాండిలు పెట్టి తిప్పాల్సిందే. ప్లగ్గులు విప్పి తుడిచాడు, ఫలితం లేదు. చివరికి ఒక లారీ డ్రైవరు ఇంజను పక్కనున్న చిన్న స్క్రూ బిగించి పోయాడు. అంతే, నిలబడినా ఇంజను గట్టిగా అరుస్తూ ఆడసాగింది. ఆగడం లేదు కదా, బాగైపోయిందనుకున్నాడు మా నాయన. పెట్రోలు ఊరికే తాగేస్తోందని అమ్మ అంటే, “నీకేం తెలుసు, ఊరుకో” అన్నాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పక్కింటి అక్క గిద్దలూరు ఆసుపత్రిలో ప్రసవించింది. ఆమెనూ బిడ్డనూ ఇంటికి తేవడానికి నాయన ఒకనాటి పొద్దున బయలుదేరాడు. అక్క భర్తను మేము బావ అనేవాళ్ళం. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. నాయన గేరు వేసి క్లచ్చి మీంచి కాలు తీశాడో లేదో, అరుస్తున్న ఇంజను ఊపుకు కారు పలుపు తెంచుకున్న కోడెలా ముందుకు దూకింది. ఎదురుగా గోడవార మా తమ్ముడు మట్టిలో ఆడుకుంటున్నాడు. నాయన బ్రేకు తొక్కాడు. వాడికీ కారు మూతికీ మధ్య నా చెయ్యి దూరేంత సందే మిగిలింది.

“ఏం కాలేదులే, పిల్లోడు బాగనే ఉండాడు” అంటూ నాయన కారు వెనక్కి తీశాడు. అమ్మ ఏడవలేదు. తమ్ముణ్ణి ఎత్తుకొచ్చి కారుకు ఎదురుగా నడివీధిలో చతికిలబడింది.

“లెయ్యి. ఊరంతా చూస్తా ఉండారు.”

“చూడనీ. ముందు ఆ స్క్రూ వెనక్కి తిప్పు. అప్పుడు లేస్తా.”

“తిప్పితే మళ్ళీ వణుకుతాదే!”

“వణకనీ. రోగముంటే కనపడాల. పచ్చి బాలింతను ఈ దయ్యంలో కూర్చోబెడతావా?”

బావ దిగి గొంతు పెంచాడు. “ఏంది అత్తా ఇది! అక్కడ అది బిడ్డను ఎత్తుకొని ఎదురుచూస్తా ఉంటాది.”

“చూడనీ అల్లుడా. ఇద్దరూ ప్రాణంతో ఇంటికి రావాల గదా.”

నాయన పళ్ళు కొరుకుతూ స్క్రూ వెనక్కి తిప్పాడు. అరుపు తగ్గి వణుకు మొదలైంది. అరుపు తగ్గాకే వినిపించింది, బానెట్ కింద సన్నగా, పాము బుసలాంటి చప్పుడు. నాయన ముఖం మారింది. “యాడనో గాలి పీలుస్తాంది” అన్నాడు. చెంబుతో నీళ్ళు, పాతగుడ్డ నన్ను తెమ్మన్నాడు. చెంబు మడ్గార్డు మీద పెట్టి, తడిగుడ్డను ఒక్కో గొట్టం అతుకు మీద చుట్టి చూశాడు. చెంబులో నీళ్ళు వణుకుతూనే ఉన్నాయి. వైపరుకు పోయే రబ్బరు గొట్టం మీద గుడ్డ బిగించగానే నీళ్ళు నిలకడగా నిలిచాయి.

ఆ కారులో అద్దం తుడిచే వైపరు ఇంజను పీల్పుతోనే ఆడేది. మా వైపు వాన ఎప్పుడు కురిసింది గనక, వైపరు ఎవరు వాడారు గనక! ఎండకు బిరుసెక్కి గొట్టం కొస పగిలింది. అదొకటి ఉందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. నాయన పగిలినంత మేర కోసేసి, మిగిలిన గొట్టాన్ని లాగి తొడిగాడు. కొత్తది కొనే పనే పడలేదు.

అమ్మ చెంబు వంక చూసి లేచింది. చీర దులుపుకొని, “ఇంక పోండి” అంది. సాయంత్రానికి అక్క ఇల్లు చేరింది. గేటు దగ్గర ఎంతసేపు ఆగినా బిడ్డ నిద్ర చెదరలేదట. అయినా అమ్మ చాలా రోజులు నాయనతో మాట్లాడలేదు. బాగా చేసిందనే ఇప్పటికీ అంటాను.

నేను బడికి పోయింది కొన్నాళ్ళే. నేర్చుకున్నది ఆ నడివీధిలో. ఇప్పుడు మా ఇంట్లో గోడ చెమ్మెక్కితే, నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో మా పిల్లలు చూడరు, పైన రంగు పూసి బాగైపోయిందంటారు. నాకు మండుకొస్తుంది. మొన్న ఆ రంగు డబ్బా మూత తీయబోతుంటే, మోకాళ్ళు పట్టేసినా సరే, వెళ్ళి గోడకు అడ్డంగా కూర్చున్నాను. ముందు ఆ స్క్రూ వెనక్కి తిప్పండి, తరవాత లేస్తానన్నాను.