గాలి మళ్లేదాకా

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుమీదున్న రోజుల్లో సింగపూర్ వచ్చి కూడా నాకు ప్రాజెక్టు దొరకలేదు. అక్కడి యూ టీ మెట్రో స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కన కూర్చున్న శ్రీలంక భిక్షువు, బాగా పెద్దాయన, ఏం చేస్తుంటావని ఇంగ్లీషులో అడిగారు.

“బెంచ్ మీద ఉన్నానండి,” అన్నాను, మా సాఫ్ట్‌వేర్ వాళ్ల అలవాటు కొద్దీ.

ఆయన కింద ఉన్న బెంచీని చూసి, “నేనూ దీనిమీదే ఉన్నాగా!” అన్నారు.

నవ్వాపుకుని, చేతిలో పని లేదని విడమరిచి చెప్పాను. ఊరడిగారు. అమరావతి అనగానే నావైపు పూర్తిగా తిరిగారు.

“ఒకప్పుడు మీ ఊరికీ మా ద్వీపానికీ భిక్షువులు ఉత్తరాలు, బుద్ధుడి అస్థికలు మోసుకెళ్లేవారు. గాలి మళ్లేదాకా ఓడలు కదిలేవి కావు. రేవుల్లో నెలల తరబడి ఊరికే కూర్చునేవారు. వాళ్లను పనిలేనివాళ్లని ఎవరూ అనలేదు బాబూ, కూర్చున్నచోటికే వచ్చి దణ్ణం పెట్టేవారు.”

ఆయన వెళ్లే వైపు రైలొచ్చింది. “నీ గాలీ మళ్లుతుంది,” అంటూ ఆయన ఎక్కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఫోన్లో అమ్మ ఎప్పటిలాగే, “ప్రాజెక్టొచ్చిందా నాన్నా?” అంది.

“ఇంకా గాలి మళ్లలేదమ్మా.” చాలా రోజులకి సిగ్గుపడకుండా జవాబు చెప్పాను.

అమ్మ కంగారుపడింది. “అదేం మాటరా? ఏ గాలన్నా సోకిందా నీకు?”

“సోకిందమ్మా, మంచి గాలే!”