కరకట్ట కింది చిన్న గుడిలో జపమాల

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనదాన్ని. దయ్యాలు, గాలీ ధూళీ అని ఎవరైనా మొదలుపెడితే స్టాఫ్ రూములో అందరికంటే ముందు నవ్వేది నేనే. నమ్ముతావా అని ఇవాళ అడిగినా లేదనే చెప్తాను. అయినా ఇది నాకు జరిగింది. జరిగినదాన్ని జరగలేదని ఎలా అనను?

కృష్ణా పుష్కరాలు అయిన తర్వాతి జనవరి సంగతి, అప్పటికి నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. మాది తెనాలి. గుణదల మరియమ్మ తిరునాళ్ళకు అప్పటిదాకా అందరం రైల్లో వెళ్ళి వచ్చేవాళ్ళం. ఆ ఏడు మా విచారణ నుంచి, అంటే మా చర్చి తరఫున, అందరూ నడిచి వెళ్ళాలని అనుకున్నారు. ఇక ప్రతి ఆదివారం పూజ అయ్యాక గుడి ఆవరణలో కుర్చీలు వేసుకుని అదే మాట. మరియమ్మ స్వరూపం పెట్టడానికి తోపుడు బండి ఎవరిది, వంట సామాను ఏ ఆటోలో, పులిహోర చేస్తే సాయంత్రానికి పాడవుతుందా, చెప్పుల్లేకుండా నడవాల్సిందేనా. పులిహోర దగ్గరే రెండు ఆదివారాలు గడిచిపోయాయి.

మా అక్క ఫిలోమినా అప్పుడు నా దగ్గరే ఉండేది. ఆమె కాపురం బాపట్లలో. బావ పోయాక నేనే తెచ్చుకున్నాను. గుండెలో వాల్వు పాడైంది. మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు అని గుంటూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. వంటింట్లోంచి వరండాలోకి రావాలన్నా మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని నిలబడేది.

అలాంటి మనిషి తనూ నడుస్తానంది.

కారణం ఉంది. కొన్నేళ్ల ముందు ఆమె కూతురు కాన్పులో చావుదాకా వెళ్ళింది. కూతురు బతికితే గుణదలకి నడిచొస్తానని ఆసుపత్రి వరండాలో కూర్చుని అక్క మొక్కుకుంది. కూతురు బతికింది. మొక్కు అలాగే ఉండిపోయింది. మాలో నడక మొక్కుకుంటే, మొక్కుకున్న మనిషి కాళ్ళే నడవాలి. బస్సులో వెళ్తే చెల్లదు, బదులుగా ఇంకొకరు నడిచినా చెల్లదు. ఇది ఫాదర్లు పెట్టిన నియమం కాదు, మా ఆడవాళ్ళు పెట్టుకున్నది. అందుకే సడలించేవాళ్ళు లేరు.

"అక్కగారి సంగతి మీరే తేల్చాలి టీచర్ గారూ. మీరు సరేనంటేనే నేను సరేనంటాను" అన్నారు ఫాదర్.

నెత్తిన బండ పెట్టినట్టయింది. సరేనంటే దారిలో ఆమె ప్రాణానికి నాదే పూచీ. వద్దంటే, మొక్కు తీరకుండానే పోతానేమోనని కుమిలిపోయే మనిషిని రోజూ ఎదురుగా పెట్టుకుని చూడాలి. ఆమె నోరు తెరిచి ఏమీ అడిగేది కాదు. అన్నం వడ్డిస్తూ నా ముఖంలోకి చూసేది. ఆ చూపుకు భయపడి స్కూల్లోనే పేపర్లు దిద్దుకుని చీకటి పడే వేళకు ఇంటికి పోయేదాన్ని.

దారి చూసి రావడానికి ఎవరు వెళ్తారంటే అందుకే నేను లేచాను. దారి బాగాలేదని చెప్పి అక్కను ఆపాలన్నది నా ఆలోచన.

నాతో ఉపదేశి యోహాను గారు వచ్చారు. ఫాదర్ రాలేని పల్లెల్లో ప్రార్థన నడిపించే పెద్దాయన. ఆటో మస్తాన్‌ది. కొల్లిపర దాటి కరకట్ట ఎక్కి, పసుపు చేలూ అరటి తోటలూ చూసుకుంటూ వెళ్ళాం. లారీలు లేవు. చెట్ల నీడ ఉంది. దారి చక్కగా ఉంది. నాకు ఒళ్ళు మండింది.

కట్ట దిగువన ఒక పల్లె చివర చిన్న గుడి ఉంది. నెలకోసారి పూజ జరుగుతుంది, మిగతా రోజుల్లో తాళం. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు నడుం వాల్చడానికి పనికొస్తుందేమో చూద్దామని ఆగాం. తాళంచెవి ఉపదేశి గారి దగ్గరే ఉంది. మస్తాన్ గుమ్మానికి ఎదురుగా వేపచెట్టు కింద ఆటో పెట్టి, వెనక సీట్లో కాళ్ళు చాపుకున్నాడు. మేం తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి లోపలికి వెళ్ళాం.

రేకుల కప్పు, సిమెంటు గచ్చు, చివర పీఠం, వెనక గోడకు ఒకే ఒక కిటికీ. నేను గచ్చు చూస్తుండగా వెలుగు తగ్గింది. తిరిగి చూస్తే తలుపు మూసి ఉంది. మూసుకున్న చప్పుడు మాత్రం మా ఇద్దరికీ వినపడలేదు.

లాగాం, నెట్టాం. కదల్లేదు. మస్తాన్, మస్తాన్ అని గొంతు పోయేలా పిలిచాం. కిటికీ ఊచలకు అవతల పసుపు చేను తప్ప మనిషన్నవాడు లేడు. రేకుల వేడి నెత్తి మీదికి దిగుతోంది. చీరంతా చెమట. ఊపిరి సగంలోనే ఆగిపోతున్నట్టు ఉంది. అక్కకు రోజూ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను, పాపం.

అప్పుడు బయటికి జనం వచ్చారు.

వచ్చారనే అంటాను. చెప్పుల్లేని కాళ్ళు మట్టిలో నడిచిన చప్పుడు. బోరింగు కొడుతున్న చప్పుడు. ఏదో గిన్నె మూత పడింది. ఒక ఆడమనిషి దగ్గింది. "అమ్మయ్య, ఎవరో వచ్చారండి" అన్నారు ఉపదేశి గారు. ఇద్దరం అరుస్తూ తలుపు బాదాం. ఒక్కరూ పలకలేదు. బయట జపమాల మొదలైంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. జపమాలలో ప్రతి పూసకూ ప్రార్థన మొదటి సగం ఒకరు చెప్తారు, రెండో సగం అందరూ కలిసి అందుకుంటారు. బయటి నుంచి వస్తున్నది రెండో సగమే. తర్వాత మొదటి సగం చెప్పడానికి పట్టేంతసేపు నిశ్శబ్దం. మళ్ళీ అందరి గొంతులూ. మా గుడిలో ఆ మొదటి సగం చెప్పేదాన్ని నేను.

"టీచరమ్మా, మీరు చెప్పండి" అన్నారు ఉపదేశి గారు.

"నేనెందుకండి?"

"ఏమోనమ్మా. మీకోసమే ఆగుతున్నట్టుంది."

చెప్పాను. నేను ఆపగానే బయట అందుకున్నారు. ఒక పూస, మరో పూస. భయమేసి మధ్యలో మానేశాను. బయట కూడా ఆగింది. ఎవరూ వెళ్ళిపోలేదు, కాళ్ళు కదులుతున్నట్టు తెలుస్తూనే ఉంది. ఊరికే నిలబడ్డారు. తలుపు మళ్ళీ లాగి చూశాం, రాలేదు. వాళ్ళు అలా ఎదురుచూడడం భరించలేక మళ్ళీ మొదలుపెట్టాను. అయ్యేదాకా మాకు విడుదల లేదని అప్పటికి అర్థమైంది.

కొన్ని పూసలయ్యాక ఒక గొంతు పట్టుకున్నాను. మా అక్కకు ఊపిరి చాలదు కదా, ప్రార్థన మధ్యలో ఒకచోట ఆగి గాలి పీల్చుకుంటుంది. అందరి ఆమెన్ అయిపోయాక ఆమె ఆమెన్ ఒక్కటీ వెనకబడి వస్తుంది. గుడిలో పిల్లలు దానికి నవ్వుకునేవాళ్ళు. ఆ ఆమెన్ తలుపుకు అవతల, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో వినపడింది. అక్కా అని అరిచాను. పలకలేదు. తర్వాతి పూసకు మళ్ళీ అదే.

నేను ఉపదేశి గారికి ఏమీ చెప్పలేదు. ఆయనే మెల్లగా "ఫిలోమినమ్మ గారండి" అన్నారు. పీఠం మెట్టు మీద కూలబడ్డాను. కూర్చునే మిగతాది చెప్పాను.

చివరి పూసదాకా ఆ గొంతు ఉంది. ఎక్కడా తప్పిపోలేదు. ఆఖరి ఆమెన్ కూడా అందరి వెనకా అదే పలికింది. ఆ తర్వాత చప్పుడు లేదు. తలెత్తి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. ఎండ లోపలిదాకా పడుతోంది.

బయట మనుషుల్లేరు. బోరింగు కింద గచ్చు పొడిగా ఉంది. మస్తాన్ వేపచెట్టు కిందే ఉన్నాడు. తలుపెవరు వేశారని అడిగాను.

"తలుపు తీసే ఉందిగా మేడమ్. మీరిద్దరూ ప్రార్థన చేసుకుంటున్నారు, వినపడతానే ఉంది. మధ్యలో పిలవకూడదని ఊరుకున్నా" అన్నాడు. ఎవరైనా వచ్చారా అంటే కుక్క కూడా రాలేదన్నాడు.

ఇంటికొచ్చేసరికి అక్క మంచం మీద ఉంది. పొద్దుటి నుంచి పక్కింటావిడ తోడు కూర్చుంది. ఆయాసం ఎక్కువైతే మందు వేసిందట, మధ్యాహ్నమంతా నిద్రేనట. నిద్రలో ఏమన్నా మాట్లాడిందా అని అడిగాను. "లేదండి, చిన్నగా గురక పెట్టింది" అంది.

అక్క కళ్ళు తెరిచి "దారి ఎట్టా ఉందే రోజీ?" అంది.

ఏమని చెప్పను? గొంతు చివరిదాకా నిలిచింది కాబట్టి ఆమె నడవగలదనా? మనిషి పోయి గొంతే మిగులుతుందనా? ఆటోలో దారంతా ఇదే ఆలోచన. ఎటు తిరిగినా గోడే తగిలింది. బాగాలేదని చెప్పడానికే నోరు తెరిచాను.

"బాగుందక్కా. నడవచ్చు" అన్నాను.

అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు.

ఫిబ్రవరిలో నడిచాం. అక్క పది అడుగులకోసారి ఆగుతూ, కూర్చుంటూ, లేస్తూ నడిచింది. ఆటో ఎక్కమన్నందుకు నన్ను నలుగురిలో తిట్టింది. ఆ చిన్న గుడి దగ్గర నేను బయటే చాపలు వేయించాను, లోపలికి పోలేదు. అక్కడ ఏమీ జరగలేదు. గుణదల కొండ దగ్గర అక్క మోకాళ్ళ మీద కూర్చుని "అయిపోయిందే" అంది. ఆమె ముఖం అంత తేలిగ్గా ఉండగా చిన్నప్పుడు కూడా చూడలేదు.

ఆ ఏడాది వానాకాలంలో అక్క నిద్రలోనే పోయింది. కూతురు రేపల్లె నుంచి రావాలి. వచ్చేదాకా అక్కను మా వరండాలో ఉంచి, చుట్టూ కూర్చుని జపమాల చెప్పాం. మొదటి సగం నేనే చెప్పాను.

ఇన్నేళ్ళు సైన్సు చెప్పినదాన్ని, సిగ్గు లేకుండా ఆశపడ్డాను. అందరూ ఆమెన్ అన్నాక ప్రతిసారీ కాసేపు ఆగాను. ఏమీ రాలేదు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ ఆగాను. ఎందుకు ఆగుతున్నానో తెలియక జనం నా వంక చూశారు.

అయిపోయాక ఉపదేశి గారు పక్కకొచ్చి నిలబడ్డారు. మీకేమైనా వినపడిందా అని అడిగాను.

"లేదమ్మా. నేనూ దానికోసమే చూశాను" అన్నారు, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ.

ఇంట్లో మంచం మీద నిద్రపోతున్న మనిషి గొంతు కరకట్ట దాకా ఎలా వచ్చిందో నాకు తెలియదు. అంత దూరం వచ్చిన గొంతు, నేను అంతగా అడిగిన రోజున, తన పక్కనే కూర్చుని ఉన్న నా దాకా ఎందుకు రాలేదో అది అసలే తెలియదు.