బ్యాలెట్ వెనక సరుకుల చీటీ

ఒక్క బ్యాలెట్ కాగితం అచ్చుకు ఎంతవుతుందని అడిగితే మా ప్రెస్‌లో పైసల్లో చెబుతారు. నన్నడిగితే లెక్క వేరు.

నేను బైండింగ్‌లో రోజుకూలీని. పొద్దున్నే బాంబూఫ్లాట్‌లో ఫెర్రీ ఎక్కి చాతంలో దిగి పనికి వెళ్తాను. మాది దీవి, కాగితం ఓడలో రావాలి. అందుకే సిరా సరిచూసుకోవడానికి మిషన్ మీద తీసే మొదటి షీట్లను పారేయం. వెనక ఖాళీయే కదా, తలా నాలుగు ఇంటికి పట్టుకెళ్తాం. అమ్మ వాటి మీద సరుకుల చీటీ రాస్తుంది. ఇంట్లో తెలుగు రాయడం వచ్చింది ఆవిడొక్కదానికే. నేను కూడబలుక్కుని చదువుతానంతే.

పంచాయతీ ఎన్నికల బ్యాలెట్లప్పుడు మాత్రం పాడైన షీటు కూడా లెక్కే, కట్టకట్టి సీలు వేయాలి. పర్మనెంట్ చేసేవాళ్ల జాబితాలో నా పేరు పెట్టింది కూడా అప్పుడే. పదకొండేళ్లు ఎదురుచూశాను దానికోసం.

ఒక సాయంత్రం షీటొకటి తక్కువొచ్చింది. బల్లల కింద, మిషన్ కింద అందరం వెతికాం. ఎక్కువ హడావిడి చేసింది నేనే. చివరికి సూపరింటెండెంట్ అన్నాడు: "కల్ సుబహ్ తక్ నహీ మిలా తో పూరా లాట్ జలానా పడేగా." పొద్దుటికి దొరక్కపోతే అచ్చైనవన్నీ కాల్చి మళ్లీ అచ్చేయాలన్నమాట. అందుకు చాలినంత కాగితం లేదు, ఓడ ఎప్పుడొస్తుందో తెలియదు.

మర్నాడు ఫెర్రీలో, వచ్చేటప్పుడు ఏం కొనాలో చూద్దామని అమ్మ చీటీ తీశాను. అవతలి సిరా ఇవతలికి కనబడుతుంటే తిప్పాను. గొడుగు, గాలిపటం, పక్కన అభ్యర్థుల పేర్లు. ముందురోజు మధ్యాహ్నం నూనె కారుతున్న టిఫిన్ డబ్బాకి చేతికందిన షీటు చుట్టాను. ఖాళీ వైపు పైకుండటంతో గేటు దగ్గర సంచి చూసినవాళ్లకూ తెలియలేదు, ఎప్పట్లాగే దాని మీద చీటీ రాసిన అమ్మకూ తెలియలేదు.

రెయిలింగ్ పక్కనే ఉన్నాను. వేళ్లు వదిలితే సముద్రంలో పడుతుంది, ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే వదిలేద్దామనే అనుకున్నాను. కానీ పాడైన షీటునే పారేయని మనిషిని, లాటంతా కాల్చేస్తుంటే ఎలా చూస్తూ ఊరుకోను?

సూపరింటెండెంట్ కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"యే క్యా లిఖా హై?"

కూడబలుక్కుని చదివి హిందీలో చెప్పాను. ఉల్లిపాయలు కిలో, చింతపండు పావుకిలో, బట్టల సబ్బులు రెండు. ఆయన వాటిని ఒక్కొక్కటే రిజిస్టర్‌లో రాసుకున్నాడు.

"కోడ్-వోడ్ తో నహీ హై నా?" ఇదేమీ రహస్య సంకేతం కాదు కదా అని ఆయన అనుమానం.

"నహీ సార్, మమ్మీ కా హై."

లాటు బతికింది. మళ్లీ అచ్చేసే ఖర్చు తప్పిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. విచారణ తేలేదాకా నా పేరు మాత్రం జాబితాలోంచి తీసి పక్కన పెట్టారు. నాతో పనిలో చేరినవాళ్లకు ఆర్డర్లొచ్చాయి. విచారణ ఇంకా తేలలేదు. నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో చెప్పలేను.

అమ్మ చీటీలు రాయడం మానేసింది. సరుకులు నోటితోనే చెబుతుంది, సగం మరిచిపోతుంది.

పోలింగ్ రోజు ఇద్దరం వెళ్లాం. అమ్మ ఓటేసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"జాగ్రత్తగా మడతెట్టి పెట్టిలో ఏసీసానే" అంది. "ఎనకాలంతా ఖాళీయే. నానేటీ రాయనేదు."