నీలిగోళ్లాయన హస్తవాసి

బతికున్నవాటికి రంగు అంటదు, పోయినవాటికి అంటుతుంది. నీలిగోళ్లాయన ఉద్యోగమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

ల్యాబ్‌లో కొత్తగా ఎవరు చేరినా ఆయన పాఠం ఇక్కడే మొదలయ్యేది. కణానికి పైన ఒక పల్చటి పొర ఉంటుంది. ప్రాణం ఉన్నంతసేపూ ఆ పొర గుమ్మంలో నిలబడి నీలి రంగుని లోపలికి రానివ్వదు. ప్రాణం పోయాక అడ్డుపెట్టే నాథుడు ఉండడు కాబట్టి రంగు దర్జాగా లోపలికి వెళ్లి కూర్చుంటుంది. మైక్రోస్కోపు కింద చూస్తే బతికిన కణం ముత్యంలా మెరుస్తుంది, పోయిన కణం సిరాబొట్టులా ఉంటుంది. గళ్లు గీసిన గాజుపలక మీద తెల్లవి ఎన్ని, నీలివి ఎన్ని లెక్కపెట్టి, నూటికి ఎన్ని బతికున్నాయో చెప్పాలి. యముడి కొలువులో చిత్రగుప్తుడు చేసేదీ దాదాపు ఇదే. కాకపోతే ఆయనది పర్మనెంటు ఉద్యోగం.

ఏళ్ల తరబడి ఆ రంగుతో కాపురం చేయడం వల్ల ఆయన గోళ్ల చుట్టూ నీలం దిగిపోయింది. చేతికి తొడుగులున్నా ఎలా దిగిందన్నది ల్యాబ్‌లో ఎవరూ తేల్చలేకపోయిన పరిశోధనాంశం. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి మాత్రమే గుర్తుండిపోయి, మిగతా లోకానికి ఆయన నీలిగోళ్లాయన అయ్యాడు. భార్య మాత్రం ఏ పేరూ పెట్టలేదు. "ఆ చేతులతో నా తువ్వాలు ముట్టుకోకండి" అని ఊరుకుంది.

ఆ ల్యాబ్‌లో కొత్త మందుల్ని మనుషుల మీదికి వదిలేముందు కాలేయ కణాల మీద వదిలి చూస్తారు. ఆ కణాలకి అన్నదాత నీలిగోళ్లాయన. వెచ్చటి పెట్టెలో సీసాల నిండా పెంచి, వేళకి పాతనీళ్లు తీసి కొత్తనీళ్లు పోసి, ఇరుకైతే వేరింటి కాపురాలు పెట్టించి, సెలవురోజున కూడా వచ్చి పలకరించి వెళ్లేవాడు. పరీక్షకి పంపే ముందు నూటికి ఎనభై అయినా బతికుండాలన్నది నియమం. లేకపోతే తర్వాత చచ్చినవాటిని మందు చంపిందో మనం చంపామో తేలదు.

ఆ ఏడు వాన మొదలైన దగ్గర్నుంచీ ఆయన లెక్క ఎనభై దాటడం మానేసింది. ఒకసారి అరవై. ఇంకోసారి యాభై అయిదు. సీసాలో చూస్తే కణాలు నిండుగా, నున్నగా, పెళ్లివారిలా కళకళలాడుతుంటాయి. తీసి రంగు కలిపి మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లేసరికి సగం నీలం. నీళ్లు మార్చాడు, రంగు సీసా మార్చాడు, గొట్టాలు మార్చాడు. మంచం మీద పడుకుని పైకప్పుని చూడటం కూడా మొదలుపెట్టాడు. కణాలు చలించలేదు.

ఇక్కడ ఆ భవనం సంగతి చెప్పాలి. కణాలు పెంచే గది ఈ చివర. లెక్కపెట్టే మైక్రోస్కోపు ఆ చివర, ముందు వరండా పక్కన అద్దాల గదిలో. మైక్రోస్కోపు లోపలెక్కడో ఉంటే వచ్చిన అతిథులకి ఇది ల్యాబ్ అని ఎలా తెలుస్తుందని డైరెక్టరు గారి ప్రశ్న. దానికి జవాబు చెప్పగలవాడు దొరకలేదు. రెంటికీ మధ్య పొడుగాటి వసారా. వసారాకి రెండువైపులా తలుపులు. ఆ తలుపుల వెనక మనుషులు.

నీలిగోళ్లాయనకి మనుషులంటే మొహమాటం. మామూలు మొహమాటం కాదు, నాలుగు తరాలకి సరిపడా ఉన్నది ఒక్కడికే వచ్చింది. ఎవరైనా "ఒక్క నిమిషం" అంటే ఆయన కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. ఎదుటివాళ్లు నిమిషం అన్నారంటే నిమిషమే అని నమ్మడం ఆయనకున్న ఒకే ఒక్క మూఢనమ్మకం.

"నీ చెయ్యంతే బావా," అన్నాడు స్టోరు కీపరు. ఆయన ఎవరికీ ఏమీ కాడు గానీ అందరినీ బావా అనే పిలుస్తాడు. "నువ్వేమీ అనుకోకు. కొందరు డాక్టర్లు ముట్టుకుంటే రోగం పోతుంది, కొందరు ముట్టుకుంటే రోగి పోతాడు. హస్తవాసి! మా పెద్దమ్మ కొడుకూ ఇంతే, వాడు కొన్న గడియారం కూడా ఆగిపోయేది."

"ఇన్నేళ్లూ బాగానే ఉంది కదయ్యా నా చెయ్యి."

"అయిపోయుంటుంది బావా. అది కూడా మందులాంటిదే. గడువుంటుంది."

ఈ సిద్ధాంతం వసారా పొడుగునా ఒక్క పూటలో పాకింది. రిసెప్షన్ అమ్మాయి తన పూలకుండీకి నీళ్లు పోయొద్దని ఆయనకి మర్యాదగానే చెప్పింది. డైరెక్టరు గారు చదువుకున్నవారు కాబట్టి హస్తవాసి అనే మాట వాడలేదు. "వ్యక్తిగత కారకం" అన్నారు. కణాల గదిని ఇంకొకరికి అప్పగించి నీలిగోళ్లాయనని కింద సీసాలు కడిగే గదికి పంపాలన్నది ఆ కారకానికి వారు కనిపెట్టిన చికిత్స. అన్యాయం జరగకుండా ముందు ఒక పరీక్ష పెట్టారు. ఒకే సీసాలోని కణాలు, ఒకే రంగు. ముందు ఆయన లెక్కపెట్టాలి, తర్వాత సీనియర్ మేడం లెక్కపెట్టాలి.

సీసాలు కడగటం తప్పేమీ కాదు. కానీ కింద గదిలో ప్రాణం ఉన్నదేదీ ఉండదు. ఆ రాత్రి ఆయన అన్నం కెలుకుతూ కూర్చుంటే భార్య అడిగింది.

"పోతే ఏమైందండీ? జీతం అదేగా?"

"అవి నా చేతుల్లో పెరిగినవే."

"పిల్లలు కూడా మీ చేతుల్లోనే పెరిగారు. వాళ్ల పరీక్షలకి ఇంత బెంగ పెట్టుకున్నారా?"

ఆయన పెరుగు కలుపుకున్నాడు.

పరీక్ష రోజున నీలిగోళ్లాయన కణాలు తీశాడు, బొట్టుకి బొట్టు రంగు కలిపాడు, చిన్న గొట్టానికి మూతపెట్టి బయల్దేరాడు. స్టోరు తలుపు తెరుచుకుంది.

"బావా, ఒక్క నిమిషం! ఈ డబ్బా మూత రావట్లేదు."

"పరీక్ష ఉందయ్యా..."

"నీది బలమైన చెయ్యి కదా!"

హస్తవాసి లేని చేతికి ఇంత గౌరవం దక్కడంతో ఆయన కరిగిపోయి, గొట్టం చొక్కా జేబులో వేసుకుని మూతతో కుస్తీ పట్టాడు. తర్వాత రిసెప్షన్ అమ్మాయి కంప్యూటరు తీగ బల్ల వెనక పడింది. ఆమె చేయి అందలేదు, ఆయన నడుం వంగింది. చివరికి అద్దాల గది గుమ్మంలో సాక్షాత్తూ డైరెక్టరు గారే ఎదురయ్యారు.

"వచ్చావా? నీకోసమే చూస్తున్నా. ఒక్క నిమిషం ఇలా రా. నా కుర్చీ కూర్చున్నకొద్దీ కిందికి దిగిపోతోంది, ఎందుకో చూడు."

నీలిగోళ్లాయన నేల మీద వెల్లకిలా పడుకుని అధికార పీఠాన్ని కిందనుంచి పరిశీలించాడు. మరను బిగించాడు. డైరెక్టరు గారు కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, సంతృప్తి చెందారు. ఇద్దరూ కలిసి మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లారు.

నలభై ఎనిమిది.

తర్వాత మేడం వెళ్లి తన వంతు రంగు కలుపుకుని వచ్చింది. ఫోను చెవికి ఆనించుకుని, ఎవరి మీదో కోపంగా ఊఁ కొడుతూ, వసారా దాటి తిన్నగా వచ్చి కూర్చుని లెక్కపెట్టింది. ఆమెని ఎవరూ ఆపలేదు. ఫోనులో ఉన్న మనిషిని ఆపడం ఆ భవనంలో మహాపాపం.

తొంభై ఒకటి.

ఆ తర్వాత జరిగినదాన్ని సభ అనాలి. అధ్యక్షులు డైరెక్టరు గారు. స్టోరు కీపరు ఎవరూ పిలవకుండానే వచ్చి వక్త అయ్యాడు. బాధ్యత అంటే ఏమిటి, అది వెనకటి రోజుల్లో ఎలా ఉండేది, తాము చదువుకునే రోజుల్లో ఒక్క కణం పోతే భోజనం ఎలా మానేశారు అన్న విషయాల మీద డైరెక్టరు గారు ప్రసంగించారు. మధ్యలో టీ వచ్చింది. వక్తలు తాగారు. నీలిగోళ్లాయన కప్పు పట్టుకుని నిలబడ్డాడు. టీ చల్లారింది గానీ ప్రసంగం చల్లారలేదు.

"నేను చెప్పలేదా బావా," అంటున్నాడు స్టోరు కీపరు బాధగా. "నా నోరు కూడా మంచిది కాదు, అన్నది అయిపోతుంది."

నీలిగోళ్లాయనకి ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు. చూడటానికి అక్కడ మనిషి మొహం కానిది ఒక్క మైక్రోస్కోపే ఉంది. వంగి కళ్లు ఆనించాడు. కింద మేడం పలక అలాగే ఉంది. తొంభై ఒక్క శాతం బతికున్న భాగ్యవంతులు.

నీలం. ఒక గడిలో నీలం, పక్క గడిలో నీలం. ముత్యాలు అక్కడొకటి ఇక్కడొకటి.

ఆయన తల పైకెత్తలేదు. మళ్లీ చూశాడు. గోడమీద తను సొంత దస్తూరితో రాసి అంటించిన కాగితం కళ్లముందు ఆడింది. రంగు కలిపిన వెంటనే లెక్కపెట్టవలెను, ఆలస్యమైతే రంగే విషమై బతికినవాటిని కూడా చంపును. ఆయన కొత్తవాళ్లందరికీ ఇదే నేర్పాడు. అందరూ నేర్చుకున్నారు. కాళ్లు మాత్రం నేర్చుకోలేదు.

"మేడం," అన్నాడు మెల్లగా. "ఒక్కసారి మీ పలక చూస్తారా?"

ఆమె చూసింది. లెక్కపెట్టింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది.

"యాభై కూడా లేవు," అంది.

"నీ చెయ్యి తగిలిందా దానికి?" అన్నారు డైరెక్టరు గారు ఆయనతో.

"లేదండీ. కళ్లే."

మేడం ఫోను బల్లమీద పెట్టింది. "సార్, మీరు తిట్టడం మొదలుపెట్టినప్పుడు ఇవి బతికే ఉన్నాయి."

 స్టోరు కీపరుకి స్టోరులో ఏదో పని గుర్తొచ్చింది.

నీలిగోళ్లాయన ఇదే అదను అనుకుని, రంగు సీసా ఇక్కడే పెట్టుకుంటే ఆలస్యం ఉండదు కదండీ అన్నాడు. డైరెక్టరు గారు వేలు పెట్టి అతిథుల సోఫాని చూపించారు. దాని తెల్లటి చేతి మీద అరచేతంత నీలి మరక ఉంది. వాన మొదలైన రోజున నీలిగోళ్లాయన తొందరలో ఆనుకున్న ఫలితం. ఆ రోజునుంచీ రంగు సీసాకి అద్దాల గదిలో బహిష్కారం. పోనీ మైక్రోస్కోపుని లోపలికి మారిస్తే అంటే వారు ఆ ప్రశ్న వినపడనట్టు కుర్చీ ఎత్తు సరిచేసుకున్నారు. వసారాలో ఎవరూ తనని ఆపకుండా ఒక మాట చెప్పమని అడగటానికి మాత్రం నీలిగోళ్లాయనకి నోరు రాలేదు. ఆపినవాళ్లలో ఆఖరివారు ఎదురుగానే ఉన్నారు.

"రేపు మళ్లీ చూద్దాం," అన్నారు డైరెక్టరు గారు. "రేపు ఎనభై రాకపోతే మాత్రం కింద గదే. ఈ కారణాలూ అవీ నాకు చెప్పకు."

బయటికొచ్చాక మేడం గొంతు తగ్గించి అడిగింది. "నన్నెవరూ ఎందుకు ఆపరో తెలుసా మీకు?"

"మీరు ఎప్పుడూ ఫోనులో ఉంటారు కదండీ."

"ఫోనులో అవతల ఎవరూ ఉండరు."

ఆయన నోరు వెళ్లబెట్టాడు. ఇన్నాళ్లూ ఆ అవతలి మనిషి మీద ఆయన జాలిపడుతూ వచ్చాడు.

మర్నాడు రంగు కలిపి, మూతపెట్టి, జీవితంలో మొట్టమొదటి మోసానికి సిద్ధమయ్యాడు. ఫోను చెవికి ఆనించుకుని వసారాలో అడుగుపెట్టాడు. "ఊఁ... ఊఁ... సరే..." అన్నాడు. అబద్ధపు ఊఁ ఎంత బరువో అప్పుడు తెలిసింది. స్టోరు తలుపు తెరుచుకుంది. "బావా, ఒక్క..." అని ఫోను చూసి ఆగింది. రిసెప్షన్ అమ్మాయి ఎత్తిన చేయి దించుకుంది. అద్దాల గది గుమ్మంలో డైరెక్టరు గారు కుర్చీని తోసుకొచ్చి నిలబడి నోరు తెరవబోతున్నారు.

సరిగ్గా అప్పుడు, చెవికి ఆనించిన ఆ ఫోను గణగణ మోగింది.

వసారా అంతా వింది. ఊఁ కొడుతున్న ఫోను మోగడమేమిటన్న ఆలోచన మూడు మొహాల మీద ఒకేసారి పొద్దుపొడిచింది. చెవి చిల్లుపడి, పరువు పోయి, ఏం చేయాలో తోచక ఆయన మీట నొక్కేశాడు.

"ఏవండీ, ఒక్క నిమిషం," అంది భార్య గొంతు. "ఇంటి తాళంచెవి మీ జేబులో..."

"ఇప్పుడు కాదు!" అని అరిచాడు నీలిగోళ్లాయన. "ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి! ఆగను! ఎవరికోసమూ ఆగను!"

అది ఎవరితో అన్నాడో ఎవరికీ తెలియలేదు. అందుకని తలుపుల దగ్గరున్న ప్రతి ఒక్కరూ తమనే అన్నాడనుకున్నారు. స్టోరు తలుపు మూసుకుంది. డైరెక్టరు గారు అప్రయత్నంగా పక్కకి తప్పుకున్నారు. ఆ గుమ్మంలో వారు ఒకరికి దారివ్వడం అదే ప్రథమం.

తొంభై మూడు.

మేడం కూడా చూసి అదే చెప్పింది. కణాల గది ఆయనకే మిగిలింది.

"చూశావా, నిన్న గట్టిగా తిట్టాను కాబట్టి ఇవాళ చెయ్యి కుదిరింది," అన్నారు డైరెక్టరు గారు. నీలిగోళ్లాయన కాదనలేదు. అంతకుముందే ఆ రోజుకి ఉన్న ధైర్యమంతా ఖర్చయిపోయింది.

మధ్యాహ్నానికల్లా వసారాలో కొత్త సిద్ధాంతం పాకింది. నీలిగోళ్లాయనకి హస్తవాసి ఉంది గానీ పొగరెక్కింది. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తాళం వేసిన తలుపు ముందు మెట్టు మీద భార్య కూర్చుని ఉంది. పక్కన కూరగాయల సంచి. ఆవిడ లేవలేదు.

"ప్రాణాలు నిలబడ్డాయా?" అంది.

"నిలబడ్డాయి."

"నా కాళ్లు పడిపోయాయి. ఆ లెక్క ఎవరు పెడతారు?"

ఆయన తాళం తీశాడు. కూరగాయల సంచి మోశాడు. ఆ రాత్రి ఆవిడ తువ్వాలు కూడా ఇవ్వలేదు.

మర్నాడు మామూలుగా రంగు కలిపి, గొట్టం పట్టుకుని వసారాలోకి వచ్చాడు. ఫోను జేబులోనే ఉంచాడు. ఇక దాన్ని నమ్మేవాళ్లు లేరు. స్టోరు తలుపు సగం తెరుచుకుంది. స్టోరు కీపరు చేతిలో మూత రాని డబ్బా ఉంది. ఆయన్ని చూశాడు, బావా అని అనలేదు, మొహం ముడుచుకుని డబ్బా కడుపుకి ఆనించి తనే తిప్పుకోసాగాడు. అది ఎడమకి తిప్పాల్సిన మూత. కుడికి తిప్పుతున్నాడు.

నీలిగోళ్లాయన కాళ్లు ఆగబోయాయి. చేతిలో గొట్టం నీలంగా మెరిసింది.

"ఎడమకయ్యా!" అని నడుస్తూనే అరిచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.