సుల్తానాబాద్ గోడ మీద బొట్టు

సుల్తానాబాద్‌లో బస్సు కోసం నిలబడ్డాను. ఎదురుగా గోడ మీద ఊరి సైనికుల బొమ్మలు, ప్రతి నుదుటా కుంకుమ బొట్టు. ఒక ముసలాయన తడిగుడ్డతో చివరి బొమ్మ నుదుటిని తుడుస్తున్నాడు. బొమ్మకీ ఆయనకీ ఒకటే మీసం.

"ఇది మీరేనా?" అన్నాను.

"నేనే సార్. గీ వరుసల బతికున్నోన్ని నేనొక్కన్నే. పోయినోల్లకు పెట్టే బొట్టు నాకు గూడ పెడ్తరు. రోజూ వచ్చి తుడుస్త."

"ఎవరు పెడతారు?"

"ఇంకెవరు, మా ఇంటామె! అందరికి పెట్టి నీకొక్కనికి ఇడిసిపెడ్తె, మిగిలినోల్ల పెండ్లాల మనసు నొయ్యదా అంటది."

"మరి తుడిస్తే కోప్పడదా?"

"గీ తడిగుడ్డ చేతికిచ్చి తోలేది గూడ ఆమెనే సార్."