ఏడో ప్రశ్నకు ఐదు మార్కులు

మా సిస్టరు గారికి సిగ్గు లేదని ఆసుపత్రిలో కొందరంటారు. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోవడం దేనికి. పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని ఫోను ముందు కూర్చుంటుంది. ముక్కూ మొహం తెలియని మగవాళ్లను "మూత్రధార సన్నబడిందా? భార్యతో కలుస్తున్నారా?" అని, కూరగాయల ధర అడిగినంత తేలిగ్గా అడుగుతుంది. పాతికేళ్లుగా ఆవిడకు అదే పని. పక్క బల్ల దగ్గర గుమాస్తాని నేను.

మా విభాగంలో మూత్రనాళం పాడైనవాళ్లకు బుగ్గ లోపలి పొర తీసి అతికించి బాగుచేస్తారు. తర్వాత ఎలా ఉన్నారో తెలుసుకోవడానికి పరిశోధన కోసమని ఒక కాగితం ఇస్తాం. పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు దాకా మార్కులు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా, మళ్లీ మనుషుల్లో పడేసిన డాక్టరుకి నాలుగు వేస్తే కళ్లు పోతాయని అన్నింటికీ ఐదే వేస్తారు. చిక్కల్లా ఏడో ప్రశ్నతోనే. "భార్యతో కలవాలంటే ఎంత భయంగా ఉంది?" అని ఉంటుంది అక్కడ. దానికి ఐదంటే చచ్చేంత భయమని లెక్క. పొరపాటున వేశారులే అనుకుని నేను దాన్ని ఒకటిగా దిద్ది చేతులు దులుపుకునేవాణ్ణి.

ఒకరోజు ఒక బస్సు డ్రైవరు కాగితం దిద్దుతుంటే సిస్టరు గారి కంట పడ్డాను.

"ఏం చేస్తున్నారు మహానుభావా?"

"చదవకుండా వేశాడండి. పదికి పదీ ఐదులే."

"ఆయన్ని అడిగారా?"

ఏడాది నిండాక చేయాల్సిన ఫోను ఆవిడ అప్పటికప్పుడే, స్పీకరు పెట్టి చేసింది. డ్రైవరు ముందు అంతా బ్రహ్మాండం అన్నాడు. ఏడో ప్రశ్న చదివి వినిపించేసరికి గొంతు తగ్గించాడు.

"కుట్లు ఊడిపోతాయేమోనండీ. ఆపరేషనై తొమ్మిది నెలలు, అప్పట్నుంచీ ముందుగదిలోనే పడుకుంటున్నా. తనంటే మొహం మొత్తిందనుకుంటోంది మా ఆవిడ. పుట్టింటికి వెళ్లిపోతానంటోంది. ఎల్లుండే ప్రయాణం."

"రేపు ఇద్దరూ రండి," అంది సిస్టరు గారు.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా డాక్టరు గారి గదికి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. ఈ మార్కులన్నీ కూడి రాసిన వ్యాసం పూర్తయిపోయాక ఇదేమిటమ్మా అని ఆయన విసుక్కున్నారు.

"బరువులు ఎప్పుడెత్తాలో రాసిచ్చాం, స్కూటరు ఎప్పుడెక్కాలో రాసిచ్చాం. భార్యతో ఎప్పుడు కలవొచ్చో మాత్రం ఒక్కరూ చెప్పలేదు సార్," అని కుండబద్దలు కొట్టింది.

ముప్పై ఒక్క కాగితాలు అలాగే దిద్దానని నేను అక్కడే ఒప్పుకున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది. డాక్టరు గారు వ్యాసం తీసి పక్కన పెట్టారు.

మర్నాడు మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చారు. భార్య కుర్చీ అంచున కూర్చుని గోడకేసి చూస్తోంది. డాక్టరు గారు పరీక్ష చేసి, ఎప్పుడో మానిపోయింది, భయమేమీ లేదన్నారు.

"ఎప్పటినుంచి ఫర్వాలేదండీ?" అన్నాడు డ్రైవరు నేల చూపులు చూస్తూ.

సిస్టరు గారు ఫైలు తిప్పి చూసింది. "ఏడున్నర నెలల కిందటి నుంచి."

డ్రైవరు భార్య మొగుడి వైపు తిరిగింది. "అంటే, నా మీద కోపం కాదా?"

"నీ మీద కోపమేంటే. భయమేసింది."

"ఆ ముక్క నాతో చెప్పడానికేం రోగం?"

తిడుతూనే కళ్లు తుడుచుకుంది. నవ్వొస్తుంటే పెదవి బిగపట్టుకుని, సంచీలోంచి ఫోను తీసింది.

"అన్నయ్యా, రేపు స్టేషనుకి రావద్దు. నేను రావట్లేదు."