రెండో గీత

పెద్దమేస్త్రిది ముక్కుసూటి వ్యవహారం. బాత్రూం నేలకు నీళ్ళు దిగని పూత రెండుసార్లు వేశాక, నీళ్ళు పోయే దారికి గుడ్డమూట బిగించి, నాలుగు వేళ్ళ ఎత్తున నీళ్ళు నింపుతాడు. అందులో బట్టలకు వేసే నీలిమందు కలుపుతాడు. నీటిమట్టం దగ్గర గోడమీద పెన్సిలుతో గీత గీస్తాడు. రెండు రోజులు ఆ గదిలో ఎవరూ కాలు పెట్టకూడదు. నీళ్ళు గీత దగ్గరే నిలబడితే టైల్స్, లేకపోతే పూత మళ్ళీ మొదటినుంచి. ఇంటివాళ్ళు విసుక్కున్నా, కాంట్రాక్టర్లు మొహం మాడ్చుకున్నా, ముప్పై ఏళ్ళుగా ఆయన మాట అదే. ఇప్పుడు ఆయనకు పని ఇచ్చే కాంట్రాక్టరు కన్నకొడుకే.

నిజానికి ఆయనకు మిగిలిన పని ఆ గీత చూడటం ఒక్కటే. మోకాళ్ళు అరిగి, తాపీ పట్టడం మానేసి ఏడాది దాటింది. "నాన్న సరే అన్నాక ఇక తిరుగుండదండి" అని చెప్పి కొడుకు పనులు తెచ్చుకుంటాడు. ఆయనకు అది గర్వం. ఆ మాత్రం కూడా లేకపోతే మనిషి దేన్ని చూసుకుని బతకాలి?

ఈ ఇంట్లో బాత్రూం మేడమీద. సరిగ్గా దాని కింద ఇంటావిడ అత్తగారి మంచం. పక్షవాతం వచ్చి కదల్లేని మనిషి. పాత బాత్రూం కారి ఆ గదంతా బూజు పట్టిందనే ఇదంతా పగలగొట్టించారు. ఆ గది కప్పుకు ఈమధ్యే అందమైన పలకలు బిగించారు కాబట్టి, మళ్ళీ కారినా వెంటనే బయటపడదు.

మూడోరోజు పొద్దున పెద్దమేస్త్రి వచ్చేసరికి నీళ్ళు గీతను అంటుకునే ఉన్నాయి. అమ్మయ్య అనుకుని గుడ్డమూట లాగబోయి ఆగిపోయాడు. ముదురు నీలంగా ఉండాల్సిన నీళ్ళు వెలిసిపోయాయి. వంగి చూస్తే, గీతకు రెండు వేళ్ళ కింద, గోడ చుట్టూ మరో నీలం చార. నీళ్ళు అక్కడిదాకా దిగి, మళ్ళీ పైకి వచ్చాయి. వాటంతటవి రావు కదా.

కొడుకును లోపలికి పిలిచాడు. "ఎన్ని బకెట్లు పోశావురా?"

కొడుకు తడబడలేదు. "మూడు. ఇవాళ మొదలుపెట్టకపోతే టైల్స్ వాళ్ళు వేరే పనికి పోతారు, మళ్ళీ నెలదాకా దొరకరు. పైన టైల్స్ పడ్డాక ఎవరు చూడొచ్చారు నాన్నా?"

"కింద ముసలావిడ ఉందిరా."

"కొంచెం తగ్గితే కొంపలేం మునగవులే."

పెద్దమేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి ఎత్తేవాడే, అంతలో ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. వెనకాలే టైల్స్ వాళ్ళు.

"ఏమన్నా తేడా ఉందా మేస్త్రిగారూ?"

"నీళ్ళ రంగు మారిందమ్మా," అన్నాడు.

కొడుకు వెంటనే అందుకున్నాడు. "నాన్నకి ఈమధ్య చూపు ఆనడం లేదండి. డాక్టరుకి చూపించాలి. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి, మీరే చూడండి."

ఆవిడ చూసింది. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి మరి. "నాకివేం తెలియవండీ. మీరు సరే అంటే సరే," అంది పెద్దమేస్త్రితో.

కాదంటే, కన్నకొడుకు మోసగాడని పదిమందిలో తన నోటితో చెప్పాలి. ఆయన కొడుకు వంక చూశాడు. వాడు తల దించుకోలేదు, బతిమాలినట్టు చూడనూ లేదు. తండ్రి ఏమంటాడో ముందే తెలిసినవాడిలా నిలబడ్డాడు. ఆ ధీమాకే ఆయన మనసు విరిగిపోయింది.

"అవునమ్మా, నాకే సరిగ్గా కనిపించడం లేదు. అంతా బాగానే ఉంది," అన్నాడు.

ఆవిడ జాలిపడి కుర్చీ వేయించింది. కొడుకు గుడ్డమూట లాగేశాడు. మధ్యాహ్నానికి సగం నేల టైల్స్ కిందికి పోయింది.

ఆ తర్వాత కొడుకు ఆయనను ఏ పనికీ తీసుకుపోలేదు. ఎవరైనా అడిగితే, "చూపు పోయిందండి, మా నాన్నే ఒప్పుకున్నారు" అంటాడు. పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంటున్న పెద్దమేస్త్రికి కాదనడానికి నోరు రాదు.